వెనక సీట్లో అమ్మ కూర్చుంటుంది

కారు కొనేముందు టెస్ట్ డ్రైవ్ అందరం చేస్తాం. షోరూమ్ కుర్రాడు తాళం ఇవ్వగానే స్టీరింగ్ ముందు కూర్చుంటాం. పికప్ ఎలా ఉంది, బ్రేకు ఎలా పడుతోంది, ఏసీ ఎంతసేపట్లో చల్లబడుతోంది... అన్నీ చూస్తాం. వెనక సీటు మాత్రం ఖాళీగా ఉంటుంది. తర్వాత పదేళ్ళపాటు ఆ సీట్లో కూర్చునేదేమో అమ్మానాన్నలు, అత్తమామలు, పిల్లలు. వాళ్ళ తరఫున టెస్ట్ డ్రైవ్ చేసేవాళ్ళే ఉండరు.

నేను బీటెక్ మెకానికల్ చదివి, అందరిలాగే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. చదువుకున్న బ్రాంచికీ చేస్తున్న పనికీ సంబంధం లేదని మా నాన్న ఇప్పటికీ దెప్పుతుంటాడు. నిరుడు మాత్రం మూడో సంవత్సరంలో చదివిన వైబ్రేషన్స్ సబ్జెక్టుతో పని పడింది. మా సెడాన్ కారు వెనక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు తీసేసి, అదే కుటుంబానికి చెందిన ఇంకో మోడల్‌వి బిగించాను. ఆ పని ఎందుకు చేయాల్సి వచ్చిందో, ఎలా చేశామో, ఏం లాభమో, ఏం నష్టమో చెబుతాను.

కారు పేరు మాత్రం చెప్పను. పేరు రాస్తే ఎవరో ఒకరు అవే పార్టులు తెప్పించి బిగించేస్తారు. ఒకే మోడల్‌లో కూడా ఏడాదినిబట్టి, పెట్రోలా డీజిలా అన్నదాన్నిబట్టి కొలతలు మారతాయి. పద్ధతి తెలిస్తే చాలు, పేరుతో పనిలేదు.

మా ఊరు గుడివాడ దగ్గర. హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ దాటి విజయవాడ చేరి, అక్కణ్ణుంచి మళ్ళీ లోపలికి. అమ్మకు నడుం దగ్గర ఎల్4–ఎల్5 డిస్క్ సమస్య. రెండు నెలలకోసారి హైదరాబాద్‌లో డాక్టరుకు చూపించాలి. సెకండ్ హ్యాండ్‌లో ఈ కారు కొన్నదే ఆవిడ ప్రయాణం కోసం. వెనక సీట్లో అమ్మ, పెద్దమ్మ, అక్క కూర్చుంటే, డిక్కీలో బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, కొబ్బరికాయలు ఎక్కుతాయి. కృష్ణా జిల్లా నుంచి ఖాళీ డిక్కీతో బయల్దేరే కారు ఉండదు కదా!

అంత బరువు ఎక్కాక కారు వెనక భాగం కూలబడేది. వంతెన అతుకులు దాటినప్పుడు ఒకసారి దిగి, లేచి, మళ్ళీ దిగి, మళ్ళీ లేచేది. పల్లెటూళ్ళ స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఎంత నెమ్మదిగా వెళ్ళినా చివర్లో కింద 'ధడ్' మనేది. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి రబ్బరు స్టాపర్‌కి తగిలిన చప్పుడది. రాత్రిళ్ళు ముక్కు పైకి లేచి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలోకి కొట్టేవి. డ్రైవరు సీటు ముందు, వెనక చక్రాలకు దాదాపు మధ్యలో ఉంటుంది కాబట్టి వెనక వచ్చే ఊపులో సగమే అక్కడికి చేరుతుంది. వెనక సీటు ఇంచుమించు ఇరుసు మీదే ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్ళకు ఊపు మొత్తం తగులుతుంది.

మా నాన్న 31 ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ముందు సీట్లో నా పక్కన కూర్చుని, వీపుతోనే బండి నాడి పట్టేశాడు.

"వెనక కూర్చుంటోందిరా బండి. కమాన్లు పనికి రావు."

"దీనికి కమాన్లు ఉండవు నాన్నా, కాయిల్ స్ప్రింగులు."

"ఏదైతే ఏంరా, బరువు మోసేది ఏదో ఒకటి ఉంటుందిగా! అది సరిపోవట్లా."

అమ్మ అలాంటి మాటలేం అనలేదు. రెండు ట్రిప్పులయ్యాక, మూడోసారి బయల్దేరాల్సిన వారం ఫోన్ చేసి, "ఈసారికి డాక్టరుగారికి ఫోన్లోనే చెప్పరా. నేను రాలేను" అంది. ఆ తర్వాతిసారి కూడా అదే మాట. మందులు రాసిన చీటీ పాతదైపోతోంది. స్కాన్ తీయించాల్సిన నెల దాటిపోయింది. కొత్త కారు కొనేందుకు ఫ్లాటు లోను ఒప్పుకోదు. ఇక ఉన్న కారునే దారికి తెచ్చుకోవాలి.

ముందు మామూలు కారణాలన్నీ చూశాం. షాక్ అబ్జార్బర్ల నుంచి ఆయిలు కారడం లేదు. స్ప్రింగులు విరగలేదు. డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద రాసినట్టే, నిండు బరువుకు చెప్పిన గాలే టైర్లలో ఉంది. అంటే పార్టులు పాడవలేదు. వాటి పద్ధతే అంత. ఎక్కువ రోజులు ఇద్దరు ముగ్గురితో నగరంలో తిరిగే కుటుంబానికి మెత్తగా ఉండేలా చేసిన కారు ఇది. అదేం తప్పు కాదు. మా అవసరం వేరు, అంతే.

ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో టేపు పట్టుకుని కూర్చున్నాను. ఖాళీ కారుకు వెనక చక్రం పైనుండే అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. తర్వాత ముగ్గురు ఫ్రెండ్స్‌ని వెనక కూర్చోబెట్టి, డిక్కీలో బియ్యం బస్తాలు వేసి, వెనక ఇరుసు మీద సుమారు 220 కిలోలు అదనంగా పడేలా చేశాను. అంచు 60 మిల్లీమీటర్లు దిగింది. వాచ్‌మన్ వచ్చి "కారు అమ్ముతున్నారా సార్?" అని అడిగి వెళ్ళాడు.

ఈ ఒక్క కొలతతో చాలా తెలుస్తుంది. ఒక్కో చక్రం మీద 110 కిలోలకు 60 మిల్లీమీటర్లంటే, మిల్లీమీటరుకు సుమారు 18 న్యూటన్ల గట్టిదనం. స్ప్రింగు మీద కూర్చున్న బరువు ఎంత వేగంగా ఊగుతుందన్నది, గట్టిదనాన్ని బరువుతో భాగించి వర్గమూలం తీస్తే తేలుతుంది. మా కారు వెనక భాగంలో స్ప్రింగుల మీద ఖాళీగా ఉన్నప్పుడు 400 కిలోల దాకా ఉంటుందనుకుంటే, సెకనుకు 1.5 ఊపులు. బరువు 620 కిలోలయ్యేసరికి 1.2కి పడిపోయింది. అదే లెక్క ముందు చక్రాలకు వేస్తే 1.3 దాకా వచ్చింది. ముందు భాగం మీద బరువు పెద్దగా మారదు కాబట్టి అది అక్కడే ఉంటుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. 1930ల్లో మారిస్ ఆలీ అనే ఇంగ్లిష్ ఇంజనీరు అమెరికాలో క్యాడిలాక్ కంపెనీలో ఈ విషయం మీద చాలా ప్రయోగాలు చేశాడు. కారుకు బరువులు తగిలించి, వాటిని మారుస్తూ, ఏ అమరికలో ప్రయాణం సాఫీగా ఉంటుందో కూర్చుని చూసేవాడు. వెనక స్ప్రింగులు ముందువాటికంటే కాస్త వేగంగా ఊగాలని ఆయన తేల్చాడు. గతుకు ముందు చక్రాలకు తగిలిన కాసేపటికిగానీ వెనక చక్రాలకు తగలదు. ఆలస్యంగా మొదలైన వెనక భాగం కాస్త వేగంగా ఊగితే ముందుభాగాన్ని అందుకుంటుంది. అప్పుడు కారు మొత్తం సమంగా లేచి దిగుతుంది. వెనక ఊపు నెమ్మదైతే ముందు లేచినప్పుడు వెనక దిగుతుంది, ముందు దిగినప్పుడు వెనక లేస్తుంది. తెడ్డు వేయని పడవలా తల ఆడిస్తుంది. అమ్మ నడుం పడుతున్న బాధ ఇదే!

ఆటోమొబైల్ షాపుల్లో అడిగితే మొదట చెప్పేది రబ్బరు బఫర్లు. స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే దిట్టమైన రబ్బరు ముక్కలవి. ఐదు నిమిషాల పని. బండి వెనక లేచి నిలబడుతుంది కూడా. కానీ అవి చుట్లను పట్టేసి స్ప్రింగును అక్కడక్కడ పనిచేయకుండా ఆపుతాయి. పైగా బఫరు పెట్టినా షాక్ అబ్జార్బర్ పాతదే. గట్టిపడిన స్ప్రింగు మరింత బలంగా వెనక్కి తంతుంది, దాన్ని పట్టుకునే చెయ్యి మాత్రం మునుపటిదే. కూర్చున్న మనిషి శరీరానికి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఊపు తగ్గించబోయి ఆ అదురు తెచ్చిపెడితే అమ్మకు పొయ్యిలోంచి తీసి పెనంలో వేసినట్టే.

ఈ రెండు పార్టుల సంబంధం అర్థమైతే సస్పెన్షన్ సగం అర్థమైనట్టే. బరువు మోసేది స్ప్రింగు. కానీ అది తీసుకున్న శక్తినంతా మళ్ళీ తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని ఖర్చు చేసేది షాక్ అబ్జార్బర్. లోపల ఆయిలు సన్నని కంతల్లోంచి దూరుతూ ఆ శక్తిని వేడిగా మారుస్తుంది. గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు వెళ్ళొచ్చి దాన్ని జాగ్రత్తగా ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటుంది. స్ప్రింగు గట్టిపడినా, మోసే బరువు పెరిగినా షాక్ అబ్జార్బర్ బలం కూడా దానికి తగ్గట్టు పెరగాలి. కాబట్టి రెండూ జతగా మార్చాలి. ఆ జత కుదిర్చే పని మనకు చేతకాదు, కంపెనీ ఇంజనీర్లు నెలల తరబడి చేసేది. వాళ్ళు ఇప్పటికే కుదిర్చిన జత ఎక్కడుందా అని వెతకడమే తెలివైన పని.

అది చుట్టాల ఇంట్లోనే దొరికింది. కార్ల కంపెనీలు ఒక్కో మోడల్‌కీ ఒక్కో పునాది వేయవు. ఒకే పునాది మీద హ్యాచ్‌బ్యాక్, సెడాన్, పెద్ద బండి కట్టుకుంటాయి. టాటా ఇండికా 1998లో వచ్చింది. దానికే డిక్కీ కలిపి 2002లో ఇండిగో, వెనక భాగం పొడిగించి 2004లో ఇండిగో మెరీనా తెచ్చారు. మన దగ్గర 2007లో వచ్చిన లోగాన్ సెడాన్‌కీ, 2012లో వచ్చిన డస్టర్‌కీ పునాది ఒకటే. అన్నదమ్ముల పిల్లల్లా ముఖాలు వేరు, ఎముకలు ఒకటే. మా కారు పునాది మీద కూడా అదే కంపెనీ ఏడు సీట్ల బండి ఒకటి అమ్ముతోంది. వెనక మూడో వరుసలో మనుషుల్ని మోయడానికే చేసిన బండి కాబట్టి దాని వెనక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఆ బరువుకు తగ్గట్టే ఉంటాయి. రెంటికీ వెనక ఉండేది ఒకే రకం టార్షన్ బీమ్.

ఒకే రకం అన్నంత మాత్రాన బిగించేయకూడదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నాన్నకు పాతికేళ్ళుగా తెలిసిన మేస్త్రి ఉన్నాడు. ఆయన దగ్గర రెండు బండ్ల పార్టులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి కొలిచాం. స్ప్రింగు అడుగు కూర్చునే చోటి వ్యాసం, చుట్ల సంఖ్య, విడిగా ఉన్నప్పటి పొడవు, షాక్ అబ్జార్బర్ పూర్తిగా లాగినప్పుడు, పూర్తిగా నొక్కినప్పుడు పొడవు, కింద బోల్టు దూరే రంధ్రం. వెర్నియర్ పెడితే పాత స్ప్రింగు కడ్డీ మందం 11 మిల్లీమీటర్లు, కొత్తది 11.5. చుట్లు అన్నే, వ్యాసమూ అంతే.

"అర మిల్లీమీటరేగా బాబూ, దీనికింత హడావిడా?" అన్నాడు మేస్త్రి.

అర మిల్లీమీటరే. కానీ స్ప్రింగు గట్టిదనం కడ్డీ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 11.5ని 11తో భాగించి నాలుగుసార్లు గుణిస్తే 1.19 వస్తుంది. అంటే దాదాపు 20 శాతం ఎక్కువ గట్టిది! కాగితం మీద వేసి చూపిస్తే మేస్త్రి నవ్వి, "మేం చేత్తో నొక్కి చెప్పేదాన్ని మీరు పెన్నుతో చెబుతున్నారు" అన్నాడు. నాలుగేళ్ళ బీటెక్‌కు అంతకంటే మంచి సర్టిఫికెట్ ఇప్పటిదాకా రాలేదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట చెప్పినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కారును అడుగెత్తు లేపి జీపులా చేసే ఉద్దేశం మాకు లేదు. సీట్లు, బరువు, పొడవు, వెడల్పు ఏవీ మారవు. అయినా పని మొదలుపెట్టకముందే పార్టు నంబర్లతో సహా ఇన్సూరెన్స్ వాళ్ళకు మెయిల్ రాసి, జవాబు వచ్చాకే ముందుకెళ్ళాను. ఒక మెయిల్‌తో పోయేదానికి రేపు క్లెయిమ్ దగ్గర గొడవ ఎందుకు?

పార్టులన్నీ కంపెనీ ఒరిజినల్ బిల్లుతో కొన్నాం. స్ప్రింగుల జత 4,860 రూపాయలు, షాక్ అబ్జార్బర్ల జత 7,320, స్టాపర్లు, పై మౌంటింగులు, రబ్బర్లు కలిపి 1,540, కూలి 1,200. మొత్తం 14,920.

బిగించడానికి మూడు గంటలు పట్టింది. కారును నాలుగు స్టాండ్ల మీద ఎత్తి, బీమ్ కింద జాకీ పెట్టి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు విప్పి, జాకీని నెమ్మదిగా దించితే స్ప్రింగు వదులై చేతికొచ్చింది. కొత్త షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగినప్పుడు 8 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. అంతవరకు బీమ్ కిందికి దిగినా బ్రేకు గొట్టం బిగదీసుకుపోవడం లేదని చూసుకున్నాం. ఇంకో జాగ్రత్త మేస్త్రి చెప్పింది. కింది బోల్టులను కారు గాల్లో ఉండగా బిగించెయ్యకూడదు. చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించాలి. లేదంటే లోపలి రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి, ఏడాదిలో చిరిగిపోతుంది. ఇది వైబ్రేషన్స్ పుస్తకంలో లేదు.

సెల్లార్ పరీక్ష మళ్ళీ చేశాను. అవే బియ్యం బస్తాలు, అదే ముగ్గురు. ఈసారి బిర్యానీ అడిగారు. 60 మిల్లీమీటర్లు దిగేది 50 దగ్గర ఆగింది. నిండు బరువుతో ఊపు లెక్క 1.2 నుంచి 1.33కి వచ్చింది. ముందు చక్రాల 1.3 కంటే ఒక వెంట్రుక ఎక్కువ. మారిస్ ఆలీ చెప్పిన గీతకు ఇవతలికి వచ్చిపడ్డాం.

నష్టం కూడా చెప్పాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఊపు 1.5 నుంచి 1.65 అయింది. నేనొక్కణ్ణే ఆఫీసుకు వెళ్ళేటప్పుడు మ్యాన్‌హోల్ మూతలు, చిన్న గుంతలు ఇదివరకటికంటే గట్టిగా తెలుస్తున్నాయి. వెనక నుంచి టక్, టక్ మని వినిపిస్తుంది. నాన్నకు చెబితే ఆయనకు ఆశ్చర్యమే లేదు. "బస్సుకు కొత్త కమాన్లు వేయిస్తే ఖాళీ బండి గుర్రంలా ఎగురుతుంది. జనం ఎక్కితే కుదురుకుంటుంది. బండి జనం కోసమా, డ్రైవరు కోసమా?" అన్నాడు.

ఆ ప్రశ్నే నాకు ఈ పనంతటిలో మిగిలింది. స్ప్రింగుల విషయంలో అందరికీ మంచిది అంటూ ఒకటి ఉండదు. ఎవరికి హాయిగా ఉండాలో ముందు తేల్చుకోవాలి, మిగతావాళ్ళు కాస్త సర్దుకోవాలి. నేను ఒంటరిగా వెళ్ళే రోజులు నెలకు ఇరవై. అమ్మ ఎక్కే రోజులు రెండు నెలలకు రెండు. రోజుల లెక్కన చూస్తే నాదే పైచేయి. కానీ ఆ టక్ టక్ చప్పుడు నాకు చిరాకు, అంతే. ఆ ఊపు అమ్మకు నాలుగు రోజుల మంచం. బరువును కిలోల్లో కొలవొచ్చు, ఇది మాత్రం ఎవరికి వాళ్ళు తూచుకోవాల్సిందే.

పార్టులు మార్చిన సంగతి అమ్మకు చెప్పలేదు. నాన్న బతిమాలగా ఒప్పుకుని బయల్దేరింది. నందిగామ దాటాం, కోదాడ దాటాం. సూర్యాపేటలో టీ కోసం ఆపినప్పుడు తనంతట తనే దిగి, "సీటు ఏమన్నా మార్పించావురా?" అంది. లేదన్నాను. "మరి నడుం పట్టలేదేంటి" అని పెద్దమ్మ వైపు చూసింది. డాక్టరు చెప్పినట్టు గంటన్నరకోసారి ఆపి నాలుగడుగులు నడిపించడం మేం మానలేదు. స్ప్రింగు మారితే డిస్క్ మారదు. అయినా ఆ రోజు హైదరాబాద్ వచ్చాక నేరుగా మంచం ఎక్కకుండా వంటింట్లోకి వెళ్ళింది. వాయిదా పడ్డ స్కాన్ ఆ వారమే తీయించాం. ఆ తర్వాత రెండుసార్లు వచ్చి వెళ్ళింది.

మీ కారు కూడా బరువెక్కితే కూలబడుతుంటే వెంటనే స్ప్రింగుల షాపుకు పరిగెత్తొద్దు. ముందు టైర్ల గాలి, ఆయిలు కారే షాక్ అబ్జార్బర్, చిరిగిన బుష్ చూపించుకోండి. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. అన్నీ బాగుండీ ఇబ్బంది ఉంటేనే చుట్టాల బండి వైపు చూడండి. అప్పుడు కూడా టేపు, వెర్నియర్, నమ్మకమైన మేస్త్రి, ఇన్సూరెన్స్ వాళ్ళ కాగితం... నాలుగూ ఉంటేనే.

తీసేసిన పాత స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు గోనెసంచిలో చుట్టి ఊళ్ళో అటక మీద పెట్టాను. ఎప్పుడైనా ఈ కారు అమ్మితే వాటిని కూడా ఇచ్చేస్తాను. వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో కొన్నవాళ్ళకే కదా తెలిసేది!